జపాన్ పాత బండ్లు: ముందు కాగితం, తర్వాతే రంగు

ఓడల మీద పనిచేసేవాళ్లు, ఆఫ్రికాలోనో న్యూజిలాండ్‌లోనో పిల్లలున్నవాళ్లు విశాఖలో వీధికొకరైనా ఉంటారు. ఈసారి వాహనాల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జపాన్ పాత కార్ల గురించే కావడానికి అదే కారణం కావచ్చు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నేను మర్చంట్ నేవీలో సెకండ్ ఇంజినీరును. మా ఓడ యొకొహామా, నగోయా రేవులకు తరచు వెళ్తుంది. 2004 నాటి సుజుకీ జిమ్నీ, 660 సీసీ టర్బో, మన డబ్బుల్లో నాలుగైదు లక్షలకే అక్కడ దొరుకుతోంది. స్టీరింగు కూడా మనలాగే కుడివైపు. విశాఖ పోర్టుకు తెప్పించుకుని ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చా? — పెదవాల్తేరు

జవాబు: కుదరదు. అడ్డుపడేది బండి వయసు. విదేశంలో వాడిన కారును మన దేశంలో దించాలంటే అది తయారై 3 ఏళ్లు దాటకూడదు. విదేశీ వాణిజ్య విధానంలో ఉన్న షరతు ఇది. మీ జిమ్నీ ఆ గీత ఎప్పుడో దాటేసింది.

పోనీ రెండేళ్ల బండి చూసుకుంటానంటారా, అప్పుడూ సులువు కాదు. స్టీరింగు కుడివైపు ఉండాలి, స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపాలి, హెడ్‌లైట్ వెలుగు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు తగ్గట్టు పడాలి. జపాన్ కారుకు ఈ మూడూ ఉంటాయి. వీటికి తోడు కనీసం మరో 5 ఏళ్లు రోడ్డు మీద తిరిగే స్థితిలో ఉందని, ఇక్కడ సర్వీసు దొరుకుతుందని హామీ చూపాలి. ఓడ ఎక్కకముందు తనిఖీ సర్టిఫికెట్ కావాలి, దిగాక మన దేశపు పరీక్షా సంస్థ నుంచి మరో సర్టిఫికెట్ కావాలి. విశాఖలో ఎంత పెద్ద కంటెయినర్ టెర్మినల్ ఉన్నా లాభం లేదు. వాడిన కార్లకు తెరిచిన దారి ముంబయి కస్టమ్స్ పోర్టు ఒక్కటే.

ఇక సుంకం. కారు ధర, బీమా, ఓడ కిరాయి కలిపి 10 లక్షలు అనుకుందాం. 2025 బడ్జెట్ తర్వాత వాడిన కార్ల మీద మూల సుంకం 70 శాతం, వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు 67.5 శాతం. రెండూ కలిపి 13.75 లక్షలు. అసలుతో కలిస్తే 23.75 లక్షలు. దీని మీద జీఎస్టీ పడుతుంది. 660 సీసీ చిన్న బండికి 18 శాతం వేసుకున్నా మొత్తం 28 లక్షలు దాటుతుంది. 1500 సీసీ జిమ్నీకైతే 40 శాతం, అంటే 33.25 లక్షలు. ముంబయి నుంచి లారీ కిరాయి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ వేరే. మారుతి ఐదు తలుపుల 1500 సీసీ జిమ్నీని 2023 నుంచి ఇక్కడే అమ్ముతోంది. జపాన్‌లో 'నొమాడ్' పేరుతో అమ్ముతున్న జిమ్నీ ఇక్కడ తయారై అక్కడికి వెళ్తున్నదే. మీరు తెద్దామనుకుంటున్న దారికి సరిగ్గా ఎదురు దారి!

తరచు వినిపించే రెండు 'ఉపాయాలు' కూడా చెప్పేస్తాం. విదేశాల నుంచి కాపురం మార్చుకుని వచ్చేవాళ్లకు సామాను మీద ఇచ్చే సుంకం రాయితీ కారుకు వర్తించదు. బండిని విప్పి విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ బిగించుకుందామన్న ఆలోచనా పనికిరాదు. విప్పి ముక్కలుగా తెచ్చిన వస్తువును కస్టమ్స్ మొత్తం వస్తువుగానే లెక్కగడుతుంది. పైగా అలా బిగించిన బండికి రిజిస్ట్రేషన్ కాగితాలు ఎక్కడి నుంచి వస్తాయి?

పాతదే కావాలనుకుంటే తెరిచి ఉన్న తలుపు ఒక్కటే, వింటేజ్. ఇదివరకు 1950కి ముందు తయారైన వాటికే ఈ వెసులుబాటు ఉండేది. 2025 నుంచి 50 ఏళ్లు నిండిన బండ్లను లైసెన్సు లేకుండా తెచ్చుకోనిస్తున్నారు. 1970లో వచ్చిన మొదటి తరం 360 సీసీ జిమ్నీ, 1969లో వచ్చిన డాట్సన్ 240జెడ్ ఈ వయసుకు చేరినవే. సుంకం మాత్రం తప్పదు. 2021 వింటేజ్ నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, ఆ తర్వాత రెన్యువల్‌కు 5,000. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' వస్తుంది. ర్యాలీకో ప్రదర్శనకో తీయొచ్చు, పెట్రోలుకో రిపేరుకో తీసుకెళ్లొచ్చు. రోజూ ఆఫీసుకు నడపకూడదు.

ప్రశ్న: 1990ల నాటి టొయోటా ల్యాండ్ క్రూజర్ 80, డీజిల్, 18 లక్షలకు ఇస్తామంటున్నారు. హిమాచల్ నంబరు. ఆర్సీ ఒరిజినలే, ఎన్ఓసీ తెప్పిస్తామని బ్రోకరు భరోసా ఇస్తున్నాడు. ధైర్యం చేయొచ్చా? — గాజువాక

జవాబు: ఆర్సీ పక్కన పెట్టి బిల్ ఆఫ్ ఎంట్రీ అడగండి. బండి దేశంలోకి దిగినరోజు కస్టమ్స్ ఇచ్చే కాగితం అది. 'పాత ఓనరు దగ్గరుంది, తర్వాత ఇస్తాం' అన్నారంటే అక్కడితో ఆపేయండి. చూపిస్తే, అందులోని షాసీ నంబరును బండితో పోల్చండి. ఈ మోడల్‌కు కుడివైపు ముందు చక్రం దగ్గర షాసీ దూలం మీద నంబరు పొడిచి ఉంటుంది. తుప్పునూ గ్రీజునూ వైర్ బ్రష్‌తో గీకి, టార్చి పక్కవాటుగా పట్టి చూడండి. అక్షరాల లోతు, వరస ఒకేలా ఉండాలి. చుట్టూ గ్రైండర్ గీతలు కనిపించినా, ఆ చోట మాత్రమే కొత్త రంగు ఉన్నా అది పొడిచి మార్చిన నంబరేనని అనుకోవాలి.

జపాన్ దేశంలో అమ్మడానికి చేసిన బండికి 17 అక్షరాల నంబరు ఉండదు. మోడల్ కోడ్, గీత, ఆ తర్వాత అంకెలు, ఇదీ వాళ్ల పద్ధతి. అలాంటి నంబరున్న బండి దిగుమతి కాగితం లేకుండా మన రోడ్డు మీద ఉందంటే అది వచ్చిన దారి మీద అనుమానపడాల్సిందే. 2025 సెప్టెంబరులో కొచ్చి కస్టమ్స్ అధికారులు 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' పేరుతో భూటాన్ మీదుగా వచ్చిన ఖరీదైన బండ్లను పట్టుకున్నారు. సైన్యం, రాయబార కార్యాలయాల పేరుతో దొంగ కాగితాలు పుట్టించి వేరే రాష్ట్రాల్లో రిజిస్టర్ చేయించినట్టు బయటపడింది. జప్తు బండి మీదే పడుతుంది. ఎన్ని చేతులు మారినా చివరికి కొన్నవాడి వాకిట్లోంచే తీసుకెళ్తారు.

ప్రశ్న: అయ్యా, మావోడు టాంజానియా దార్ ఎస్ సలామ్‌లో ఎకౌంటెంటు. జపాన్ నుంచి 2012 నాటి టొయోటా ఐఎస్టీ తెప్పించుకుంటానంటున్నాడు. ఏజెంటు ఏదో కాగితం పంపాడంట, నిండా జపాను అక్షరాలు, కారు బొమ్మ మీద ఏ2, యూ1 అని రాతలు. దాన్ని నమ్మొచ్చా? ఏటి చూడాలి? — గోపాలపట్నం

జవాబు: అది వేలం షీటు. నమ్మొచ్చు, చదవడం వస్తే. దాన్ని రాసేది అమ్మేవాడు కాదు, వేలం సంస్థ ఉద్యోగి. కొనేవాళ్లు వేలమంది అదే షీటు చూసి పాడతారు కాబట్టి లోపాలు దాచరు. జపాన్‌లో కొత్త కారుకు 3 ఏళ్లకు, ఆ తర్వాత ప్రతి 2 ఏళ్లకు 'షాకెన్' అనే తనిఖీ ఉంటుంది. ఖర్చుతో కూడిన పని. అందుకే అక్కడివాళ్లు నడుస్తున్న బండినే వేలానికి పంపేస్తారు.

పై మూలన పెద్దగా రాసి ఉండేది గ్రేడు. ఎస్, 6 అంటే దాదాపు కొత్తది. 5, 4.5 చాలా బాగున్నవి. 4 బాగున్నది. 3.5లో గీతలు, సొట్టలు ఉంటాయి కానీ రోజువారీ వాడకానికి తీసిపారేసేది కాదు. 3, అంతకన్నా తక్కువైతే ఫొటోలు కాదు, మనిషి వెళ్లి చూడాలి. ఆర్, ఆర్ఏ అంటే ప్రమాదం జరిగి బాగుచేసినది. ఆ పక్కన చిన్నగా ఉండే ఏ, బీ, సీ, డీ లోపలి శుభ్రతకు.

బొమ్మ మీది అక్షరాల్లో ఏ అంటే గీత, యూ అంటే సొట్ట, బీ అంటే గీతతో కూడిన సొట్ట, డబ్ల్యూ అంటే టింకరింగ్ చేసి రంగేసిన చోటు, ఎస్ తుప్పు, సీ తినేసిన తుప్పు, వై పగులు. ఎక్స్ అంటే మార్చాల్సిన భాగం, డబుల్ ఎక్స్ అంటే మార్చేసిన భాగం. పక్కనున్న అంకె తీవ్రత: 1 చిన్నది, 3 పెద్దది. మీ అబ్బాయి షీటులోని ఏ2, యూ1 గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఒక గీత, వేలి గుర్తంత సొట్ట.

ఎక్కువమంది బోల్తా పడేది డబుల్ ఎక్స్ దగ్గర. జపాన్ వేలాల్లో బోల్టులతో బిగించిన భాగాలు, అంటే బానెట్, తలుపులు, ముందు మడ్‌గార్డులు, మార్చినా దాన్ని ప్రమాద చరిత్రగా లెక్కపెట్టరు. పిల్లర్లు, పైకప్పు, నేల, అడ్డదూలాలు, రేడియేటర్‌ను పట్టి ఉంచే చట్రం, డిక్కీ అడుగు దెబ్బతింటేనే ఆర్. కాబట్టి 4 గ్రేడు బండికీ బానెట్ మీద డబుల్ ఎక్స్ ఉండొచ్చు. అదొక్కటే ఉంటే ఫర్వాలేదు. బానెట్ మీద డబుల్ ఎక్స్, ఒక మడ్‌గార్డు మీద డబుల్ ఎక్స్, రెండోదాని మీద డబ్ల్యూ2 ఉంటే ముందు గట్టిగా గుద్దిన బండి అని అర్థం. రేడియేటర్ చట్రం ఫొటో విడిగా అడగాలి.

సంవత్సరం జపాన్ రాజుల లెక్కలో ఉంటుంది. హెయ్‌సెయ్ అంకెకు 1988 కలపాలి, రెయ్‌వాకు 2018. హెయ్‌సెయ్ 24 అంటే 2012. ఇది మొదటి రిజిస్ట్రేషన్ ఏడాది. బండి తయారైన తేదీ అంతకు కొన్ని నెలల ముందు కావచ్చు. సీటు బెల్టు అడుగున కుట్టిన లేబుల్ మీద ఆ బెల్టు తయారైన ఏడాది ఉంటుంది, దాన్నిబట్టి ఓ అంచనాకు రావచ్చు.

కిందిభాగంలో తనిఖీదారు చేత్తో రాసిన వ్యాఖ్యలుంటాయి. ఏజెంట్లు గ్రేడు చెప్పి ఈ వరసలు మింగేస్తారు. అసలు సరుకు అక్కడే ఉంది. అడుగుభాగం తుప్పు, ఆయిల్ కారుతోంది, నీట మునిగింది, మీటరు మార్చారు, ఇవన్నీ అందులోనే రాస్తారు. ప్రతి వరసకూ అనువాదం రాతపూర్వకంగా అడగమనండి. షీటు కత్తిరించినది కాక పూర్తిగా ఉండాలి: వేలం సంస్థ పేరు, తేదీ, లాట్ నంబరు కనబడాలి. కిలోమీటర్లను ఎగుమతి సర్టిఫికెట్‌లోని అంకెతో పోల్చాలి. హొక్కైడో, తొహోకు ప్రాంతాల బండి అయితే ఒక గ్రేడు తగ్గించి చూడండి. అక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు ఇనుమును ఏం చేస్తుందో విశాఖవాళ్లకు మేం చెప్పాలా!

డబ్బు పంపేది జపాన్‌లోని కంపెనీ ఖాతాకే, వ్యక్తి పేరున్న ఖాతాకు వద్దు. 'ఖాతా మారింది' అని ఈమెయిల్ వస్తే, పాత నంబరుకు ఫోన్ చేసి ధ్రువపరచుకునేదాకా పైసా పంపొద్దు. ఈ మోసం చాలా మామూలు. బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. టాంజానియాలో సుంకం ఇన్‌వాయిస్ ధర మీద కాక అక్కడి పన్నుల శాఖ తన లెక్కలో వేసుకున్న విలువ మీద పడుతుంది. దిగుమతి సుంకం 25 శాతం, వ్యాట్ 18 శాతం, వీటికి తోడు ఇంజిన్ సైజును బట్టి ఎక్సైజు, 8 ఏళ్లు దాటినవాటికి వయసు ఎక్సైజు. 2012 బండికి ఇది తప్పదు. ఆ శాఖ వెబ్‌సైటులో లెక్క వేసే సదుపాయం ఉంది. బేరం కుదుర్చుకునే ముందే అందులో చూసుకోమనండి.

బండి దిగాక జాకీ, స్టెప్నీ, రెండో తాళంచెవి జాబితాతో సరిచూసుకోవాలి. ఓడలోకి నేరుగా నడిపి ఎక్కించే పద్ధతిలో చిన్న వస్తువులు మాయమవడం కొత్తేమీ కాదు. మొదటి సర్వీసులో ఇంజిన్ ఆయిల్ (1.5 ఇంజిన్‌కు ఫిల్టరుతో కలిపి 3.7 లీటర్లు), కూలెంట్, ఎయిర్ ఫిల్టరు, బ్రేక్ ఆయిల్ మార్చేయాలి. గేరుబాక్సు సీవీటీ (గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచేది) అయితే టొయోటా చెప్పిన సీవీటీ ఆయిలే పోయాలి. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే లోపలి ఉక్కు బెల్టు జారి, పుల్లీలు గీతలు పడతాయి. అక్కడితో గేరుబాక్సు పని అయిపోతుంది.

ప్రశ్న: తమ్ముడు నైరోబీలో ఉంటాడు. 2018 బండి బుక్ చేశాడు, 2026లో ఓడ దిగుతుంది. ఇబ్బందా? — మధురవాడ

జవాబు: ఇబ్బందే. 8 ఏళ్లు దాటిన బండిని కెన్యా దించనివ్వదు, ఆ వయసును మొదటి రిజిస్ట్రేషన్ ఏడాదితో లెక్కిస్తుంది. దిగే ఏడాదిలోంచి 7 తీసేయండి: 2026కు 2019. అంతకు పాతది రేవులోనే ఆగిపోతుంది. ఏడాది చివర్లో బుక్ చేసేవాళ్లు ఓడ డిసెంబరులోపు చేరుతుందో లేదో చూసుకోవాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఆక్లాండ్‌లో నర్సు. డీలరు దగ్గర జపాన్ నుంచి వచ్చిన 2013 టొయోటా ఆక్వా హైబ్రిడ్ చూసింది, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. బ్యాటరీ పోతే కారు ధరంత అవుతుందని భయపెడుతున్నారు. — సీతమ్మధార

జవాబు: భయపడాల్సినంత లేదు, చూడాల్సింది మాత్రం ఉంది. ఆక్వా బ్యాటరీ నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. 7.2 వోల్టుల మాడ్యూళ్లు 20, మొత్తం 144 వోల్టులు. అన్నీ ఒకేసారి పోవు, ఒకటో రెండో నీరసించి మిగతావాటిని లాగేస్తాయి. ఓబీడీ రీడరు (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) తగిలించి, బండి నడుస్తుండగా బ్లాకుల, అంటే మాడ్యూళ్ల గుంపుల, వోల్టేజీలు చూడాలి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అన్నీ కలిసి తగ్గితే మంచిదే. ఒక బ్లాకు మాత్రం మిగతావాటికంటే బాగా కిందికి పడిపోతుంటే దాని రోజులు దగ్గరపడ్డట్టు. బేరం అక్కడ మొదలుపెట్టాలి.

బ్యాటరీని చంపేది ఎక్కువగా వేడి. చల్లబరిచే ఫ్యాను గాలి పీల్చే జాలీ వెనక సీటు దగ్గర ఉంటుంది. దాని మీద సంచులు, దుప్పట్లు పెడితే, దుమ్మూ కుక్క వెంట్రుకలూ చిక్కుకుంటే బ్యాటరీకి గాలి ఆడదు. సర్వీసు చేయించినప్పుడల్లా జాలీ తీసి శుభ్రం చేయిస్తే చాలు. పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ కూడా క్యాబిన్ లోపలే ఉంటుంది. మార్చేటప్పుడు గ్యాసు బయటికి పంపే గొట్టం ఉన్న రకమే పెట్టించాలి. ఆక్వా కాదని 1.8 లీటర్ల ప్రియస్ వైపు మనసు పోతే, ఉదయం తొలి స్టార్టులో ఇంజిన్ వణుకుతోందా, కూలెంట్ తగ్గుతోందా అని చూడాలి. ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచేది) మసితో మూసుకుపోయి హెడ్ గ్యాస్కెట్ కాలడం ఆ ఇంజిన్‌కు తెలిసిన జబ్బు.

డీలరు ప్రతి బండి మీద వినియోగదారు సమాచార పత్రం అతికించాలన్నది అక్కడి చట్టం. దెబ్బతిన్న స్థితిలో దిగుమతి అయిందా అన్నది అందులో ఉంటుంది. ముందు అది చదవమనండి. రేడియోలో స్టేషన్లు సరిగా రావడం లేదని కంగారుపడొద్దు. జపాన్ ఎఫ్ఎం 76 నుంచి మొదలవుతుంది, పాత సెట్లు 90 దాటి పట్టవు. బ్యాండ్ ఎక్స్‌పాండర్ అనే చిన్న డబ్బా యాంటెన్నా వైరుకు తగిలిస్తే సరి. టొయోటా నావిగేషన్ సెట్టు ఉంటే బ్యాటరీ తీసేముందు దాని ఎస్డీ కార్డు ఉందో లేదో చూడాలి. కార్డు లేని సెట్టు కరెంటు పోయి రాగానే తాళం పడి, రేడియో కూడా పాడదు.

ప్రశ్న: జపాన్‌లో తయారై పూర్తిగా దిగుమతి అయిన 2005 హోండా సీఆర్-వీ 2.4 మా దగ్గరుంది. ఇల్లు లాసన్స్ బే కాలనీ, సముద్రం కనిపించేంత దూరం. మలుపుల్లో వెనకనుంచి మూలుగు, కింద తుప్పు. ఉంచుకోవాలా, అమ్మేయాలా? — ఒక దంపతులు

జవాబు: ముందు ఫీజు తెలుసుకోండి, దాన్నిబట్టి మీ నిర్ణయం మారొచ్చు. 15 ఏళ్లు దాటిన కారుకు ప్రతి 5 ఏళ్లకు ఫిట్‌నెస్ చూసి రిజిస్ట్రేషన్ పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి మామూలు కారుకు 5,000 రూపాయలైతే, దిగుమతి కారుకు 40,000. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటినవాటికి ఇవి 10,000, 80,000 అయ్యాయి. ఆర్సీలో మీ బండి 'ఇంపోర్టెడ్' అని నమోదైతే రెండో అంకె మీదే. గడువు ముగిసే ముందరి రెండు నెలల్లోనే ఫారం 25తో దరఖాస్తు చేయండి.

ఉంచుకోవాలనుకుంటే, ఆ మూలుగు చవకలో పోయేదే. ఆ బండి వెనక డిఫరెన్షియల్‌లో రెండు పంపులు, క్లచ్ ప్లేట్లు ఉంటాయి. ఆయిల్ పాతబడితే మెల్లగా తిరిగే మలుపులో ప్లేట్లు జారుతూ మూలుగుతాయి. హోండా డ్యూయల్ పంప్ ఫ్లూయిడ్ సుమారు ఒక లీటరు పడుతుంది. ముందు పైనున్న నింపే బోల్టు వదులైందని నిర్ధారించుకున్నాకే కింది బోల్టు విప్పించండి. ఆయిలంతా కారిపోయాక పై బోల్టు రాలేదంటే బండి అక్కడే ఉండిపోతుంది. కొత్త ఆయిల్ పోశాక ఖాళీ మైదానంలో స్టీరింగు పూర్తిగా తిప్పి కుడికీ ఎడమకూ మెల్లగా కొన్ని చుట్లు తిప్పితే మూలుగు పోతుంది. మామూలు గేర్ ఆయిల్ మాత్రం వద్దు.

మన ఎండల్లో ఇంతకన్నా ఖరీదైన జబ్బు ఏసీ కంప్రెసర్. ఈ తరం సీఆర్-వీలో అది అరిగి, లోపలి లోహపు రజను గొట్టాలన్నింటిలోకి చిమ్ముతుంది. కంప్రెసర్ ఒక్కటే మార్చి గ్యాసు పట్టిస్తే కొన్నాళ్లకే కొత్తదీ పోతుంది. కండెన్సర్, డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కలిపి మార్చి, గొట్టాలు కడగాలి. ఏసీ వేసినప్పుడు గరగర మొదలైతే వెంటనే ఆపేయండి.

ఇక తుప్పు. బండిని లిఫ్టు మీద ఎక్కించి స్క్రూడ్రైవర్ పిడితో జాకీ పెట్టే అంచులు, వెనక సబ్‌ఫ్రేమ్, చక్రాల లోపలి అరుగులు కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. పొరలు ఊడినచోట దబ్‌మని చప్పుడు, చేతిలో రజను. రెండోది జాకీ అంచుల్లోనో సబ్‌ఫ్రేమ్‌లోనో వినిపిస్తే, కోసి కొత్త ఇనుము వెల్డింగ్ చేయించక తప్పదు. బ్రేక్ గొట్టాలు బొడిపెలు బొడిపెలుగా తేలితే ఆలోచించొద్దు, మార్చేయండి. పైపైన ఉన్న తుప్పు అయితే మంచినీళ్లతో కడిగి, రెండు రోజులు నీడన ఆరనిచ్చి, వైర్ బ్రష్ కొట్టి, రస్ట్ కన్వర్టర్ పూసి, జింక్ ప్రైమరు, ఆ పైన మైనం లాంటి కోటింగు. డబ్బాలా మూసి ఉన్న దూలాల్లోకి సన్నని గొట్టంతో ఆ మైనాన్నే చిమ్మించాలి. తుప్పు మీదే నల్ల తారు కోటింగు దట్టంగా కొట్టించేవాళ్లుంటారు. చూడ్డానికి నిగనిగలాడుతుంది, లోపల చెమ్మ బయటికి పోలేక ఇనుము ఇంకా వేగంగా తినేస్తుంది. తలుపుల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు అగ్గిపుల్లతో తెరిచి ఉంచండి. పదిహేను రోజులకోసారి అడుగుభాగం మంచినీళ్లతో కడిగిస్తే చాలు. పై రంగుకు కొట్టించే పాలిష్ డబ్బులు ఇక్కడ పెట్టడం మేలు.

ఇంకొక్కటి, తప్పనిసరి. ఈ కాలపు జపాన్ కార్లలో చాలావాటికి తకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగులున్నాయి. వాటిని ఉబ్బించే అమ్మోనియం నైట్రేట్ బిళ్లలు ఏళ్ల తరబడి వేడికీ చెమ్మకూ పాడై, పేలినప్పుడు ఉక్కు డబ్బానే ముక్కలు చేసి మనిషి మీదికి విసురుతాయి. విశాఖ వాతావరణం సరిగ్గా అలాంటిది. షాసీ నంబరుతో డీలరు దగ్గర రీకాల్ ఉందేమో చూపించండి. ఉంటే ఉచితంగా మారుస్తారు.

ప్రశ్న: 2000 నాటి హోండా సిటీ. ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ 20 శాతం పెట్రోలే. నష్టమా? — అనకాపల్లి

జవాబు: ఆ బండిని ఇంత ఇథనాల్ కోసం చేయలేదు. మొదట దెబ్బతినేవి రబ్బరు గొట్టాలు, ఓ రింగులు. ఉదయం బానెట్ తెరిచి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే ఆరోజే గొట్టాలు మార్పించండి, ఇథనాల్‌ను తట్టుకునే రకం అడిగి మరీ వేయించండి. ఇథనాల్ ట్యాంకులో పేరుకున్న పాత మడ్డిని కదిలిస్తుంది కాబట్టి ఫ్యూయల్ ఫిల్టరు కూడా మార్చాలి. ఇథనాల్ చెమ్మ పీలుస్తుంది. వారాల తరబడి బండి తీయనప్పుడు ట్యాంకు సగంలో వదలొద్దు, నింపి పెట్టండి. మైలేజీ కొంత తగ్గడం మామూలే. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ.

ప్రశ్న: దిగుమతి అయిన పాత జపాన్ కారుకు పార్టులు దొరకవని ఆటోనగర్‌లో చేతులెత్తేశారు. చెన్నై పుదుపేటలో పాతవి దొరుకుతాయంటున్నారు. తెచ్చుకోవచ్చా? — కంచరపాలెం

జవాబు: మోడల్ పేరుతో అడిగితే ఎవరైనా చేతులెత్తేస్తారు. షాసీ నంబరు, ఇంజిన్ కోడ్ రాసుకుని, ఆ భాగానికి కంపెనీ ఇచ్చిన పార్టు నంబరు కనుక్కుని, ఆ నంబరుతో అడగండి. బేరింగులు, ఆక్సిజన్ సెన్సర్లు, ప్లగ్గులు, ఫిల్టర్లు చాలావరకు ఇక్కడ అమ్మే మరో మోడల్‌లో అదే నంబరుతోనో, అదే కొలతతోనో ఉంటాయి. పుదుపేటలో తలుపులు, అద్దాలు, స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్ లాంటివి నిక్షేపంగా కొనొచ్చు. ఎయిర్‌బ్యాగు, బ్రేక్ గొట్టం, సీటు బెల్టు పాతవి ముట్టుకోవద్దు. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కొంటే దాని ఇమ్మొబిలైజరు (దొంగతనాన్ని ఆపే పరికరం), తాళంచెవి కూడా అదే బండివి కావాలి. లేకపోతే స్టార్టవదు.

బ్యాటరీ కొనేటప్పుడు పాతదాని మీది అక్షరాలు ఫొటో తీసుకెళ్లండి. 46బీ24ఎల్ లాంటి కోడ్‌లో చివరి అక్షరం టెర్మినల్ ఏవైపో చెబుతుంది. ఆర్ ఉన్నది తెస్తే వైరు అందదు. చాలా జపాన్ బండ్లకు టెర్మినల్ సన్నగా ఉంటుంది. లావుదానికి క్లాంపును సుత్తితో కొట్టి ఎక్కించనివ్వకండి, పగులుతుంది. సన్న టెర్మినల్ ఉన్న బ్యాటరీనే అడిగి తీసుకోండి.